గుగ్గిలం గదిలో గింజలు

మా వదిన ముక్కు గురించి చెప్పకుండా ఆవిడ గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు. ముక్కు అందం సంగతి కాదు. నిజానికి అది కాస్త మొద్దుగా, చివర గుండ్రంగా ఉంటుంది. నేను చెప్పేది దాని పనితనం. వీధి చివరి ఇంట్లో పాలు అడుగంటితే ఆవిడ మా వరండాలో కూర్చునే, "ఎవరైనా వెళ్లి ఆ పొయ్యి ఆర్పమని చెప్పండి" అంటుంది. ఒకసారి మా అన్నయ్య పని ఎగ్గొట్టి ఏట్లో ఈత కొట్టి, బట్టలు ఆరబెట్టుకుని, తల దువ్వుకుని మరీ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే, "నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగింది. ఆ రోజు నుంచి మా అన్నయ్య అబద్ధాలు మానేశాడు, మంచివాడయ్యి కాదు, లాభం లేదని.

ఆవిడ పిండిమర ఇంట్లో పుట్టింది. మరలో ఒకరు మిరపకాయలు పట్టించుకుని వెళ్లాక ఇంకొకరు గోధుమలు తెస్తే, ముందు గుప్పెడు తవుడు పోసి రాయి తిప్పాలి. ఆ తవుడు వాసన చూసి, "ఇంకా ఘాటు పోలేదు నాన్నా, మరో గుప్పెడు పొయ్యి" అని చెప్పడం చిన్నప్పటి నుంచీ ఆవిడ పని. ఆవిడ సరే అంటేనే గోధుమలు పడేవట. ఏ వస్తువు దేని పక్కన కూర్చుంటే దాని గుణం ఎక్కించుకుంటుందో మా వదినకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అలాంటి మనిషి మా ఇంటికి కోడలై వచ్చింది. మాది గుగ్గిలం ఇల్లు. మా ఊరి వెనక కొండ మీద గుగ్గిలం చెట్లున్నాయి. మగవాళ్లు వంపు తిరిగిన చిన్న కత్తితో బెరడు మీద గాటు పెట్టి వస్తారు. గాటులోంచి పాలు కారి, బొట్టు బొట్టుగా గడ్డకడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ బొట్లను గీకి తెస్తారు. ఆడవాళ్లం కిటికీ దగ్గర బల్ల వేసుకుని, తెల్లవి ఒక పళ్లెంలో, పచ్చవి ఒక పళ్లెంలో, బెరడు అంటుకున్న నల్లవి మరో పళ్లెంలో ఏరుతాం. ధూపానికీ, వార్నీషుకీ, మందులకీ ఎక్కడెక్కడికో వెళుతుంది. ఏరిన సరుకు ఇంటి నడిమధ్య గదిలో ఉంటుంది. ఆ గదికి కిటికీ లేదు. వెలుతురూ వేడీ తగిలితే బొట్లన్నీ ముద్దైపోతాయి. కాబట్టి మందపాటి తలుపు, మూసిందంటే మూసిందే.

వదిన మొదటిసారి మా గడప దాటి లోపలికి వచ్చి తుమ్మడం మొదలుపెట్టింది. ఒకటా రెండా, ఆగితేనా!

"ఏమ్మా, పడిశమా?" అంది అమ్మ.

"కాదత్తయ్యా, వాసన."

"ఏ వాసన?"

వదిన అమ్మ ముఖంలోకి పరీక్షగా చూసింది, తనతో వేళాకోళమాడుతోందేమోనని. అమ్మ నిజంగానే అడుగుతోంది. నేనూ గాలి పీల్చి చూశాను. నాకూ ఏమీ తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నవాళ్లం, మాకేం తెలుస్తుంది? పైగా ఇల్లు కంపు కొడుతోందని కొత్త కోడలు మొదటి మాటగా అంటే ఏ అత్తగారికి నచ్చుతుంది? అమ్మ మూతి ముడుచుకుంది. "గుగ్గిలం వాసన పడకపోతే గుగ్గిలం ఇంటికెందుకు ఇచ్చారో" అని నాతో అంది, వదినకి వినపడేంత మెల్లగా.

ఏరే బల్ల దగ్గర తుమ్మితే పళ్లేల్లో సరుకు ఎగిరి కలిసిపోతుంది. అందుకని అమ్మ వదినని వీధికి అవతలున్న నారుమడికి పంపేసింది. నారుమడి అంటే పెద్దదేం కాదు. ఆకుపచ్చ వల కింద నల్ల ప్లాస్టిక్ సంచుల వరసలు, పక్కన పనిముట్లు పెట్టుకునే చిన్న పాక. ఏటా వానల ముందు ఆ సంచుల్లో గుగ్గిలం గింజలు నాటతాం. ఏటా మొలవవు. ఎక్కడో ఒకటీ అరా తల ఎత్తి, మమ్మల్ని చూసి భయపడినట్టు వాలిపోతుంది. ఊళ్లో గుగ్గిలం ఇళ్లన్నిటి కథా ఇదే. మట్టి బాగోలేదన్నారు, ఎండ ఎక్కువన్నారు, నీళ్లు ఎక్కువన్నారు. చివరికి ఎవరికీ ఏమీ తోచక, నాటిన మనిషి చేతివాసి మంచిది కాదన్నారు. పోయిన మా నాన్న చేతివాసి మంచిది కాదు, మా బాబాయి చేతివాసి అంతకంటే ఘోరం. ఇప్పుడు ఆ వరసలోకి మా వదిన చేరింది.

ఆవిడ ఊరుకునే రకం కాదు. మొలవని సంచుల్లోనే వంకాయ విత్తనాలు చల్లింది. అవి ఆకులు విప్పుకుని పొదల్లా లేచాయి. దారిన పోయేవాళ్లని ఆపి మరీ చూపించింది. "ఇదిగో నా చెయ్యి, ఇదిగో మట్టి, ఇవిగో నీళ్లు. ఇంకేం తప్పు పడతారో పట్టండి" అంది. గుగ్గిలం గింజకి పెంకు గట్టిగా ఉంటుంది కదా అని గరుకు కాగితం మీద రుద్ది నాటింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి నాటింది. వల తీసి చూసింది, వేసి చూసింది. గింజలు మాత్రం దున్నపోతు మీద వాన పడ్డట్టే ఉన్నాయి. వదిన ప్రతి సంచీ ముందూ కూర్చుని దానికి విడివిడిగా చీవాట్లు పెట్టేది. నేను అవతలి వైపు కిటికీలోంచి విని నవ్వుకునేదాన్ని.

నవ్వు ఎన్నాళ్లో సాగలేదు. గుగ్గిలం సంఘం మీటింగు పెట్టింది. సంఘానికి పెద్ద ఒక పొడుగాటి ముసలాయన. ఎండా వానా తేడా లేకుండా చేతిలో గొడుగు ఉంటుంది కాబట్టి ఊరంతా గొడుగాయన అంటుంది. కొండకి తూర్పు వాలు సంఘం ఎప్పుడో మా ఇంటికి అప్పగించింది. ఒకప్పుడు అక్కడ దట్టంగా చెట్లుండేవట. పాతవి ఒక్కొక్కటే ఎండిపోయి, కొత్తవి రాక, ఇప్పుడు పైన రాళ్ల దగ్గర నాలుగు ముసలి చెట్లు, కింద బోడి నేల. ఆ నేల మీద కంకర కాంట్రాక్టరు కన్ను పడింది. కొండని పగలగొట్టి రాయి అమ్ముకుంటాడట.

"నాకేం సరదానా?" అన్నాడు గొడుగాయన మా అమ్మతో. "చెట్లే లేని వాలు గుగ్గిలం వాలని ఎలా చెప్పమంటావు? వచ్చే వానలకి అక్కడ మొక్కలు నిలబెట్టండి. నిలబడితే మీదే, ఎవడు అడిగినా నేను గొడుగు అడ్డం పెడతాను. నిలబడకపోతే సంఘం సంతకం పెట్టేస్తుంది. నన్ను అనొద్దు."

ఇంటికొచ్చాక అన్నయ్య అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టకుండానే లేచిపోయాడు. తూర్పు వాలు పోతే, పడమటి వైపు మాకు మిగిలే కాసిని చెట్లు ఇల్లు గడవడానికి చాలవు. వాటికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వకుండా గాట్లు పెడితే అవీ పోతాయి. అప్పుడు కత్తి గోడకి తగిలించి, అదే కాంట్రాక్టరు దగ్గర రాళ్లు మోయాలి. ఆ మాట అన్నయ్య పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేదు, అందరి మనసులోనూ అదే ఉంది.

మర్నాడు వదిన అన్నయ్యతో కలిసి తూర్పు వాలు ఎక్కింది. నేనూ వెంటపడ్డాను. పైన ముసలి చెట్టు కింద, రెండు రాళ్ల సందులో, జానెడు గుగ్గిలం మొక్క నిలబడి ఉంది. ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"దీనికి ఎవరు నీళ్లు పోశారు?" అంది వదిన.

"ఎవరు పోస్తారు? కాయ రాలింది, గింజ పడింది, మొలిచింది. ఇలా ఎప్పుడైనా ఒకటి కనిపిస్తుంది. మేకలు తినేస్తాయి" అన్నాడు అన్నయ్య.

"మట్టి కూడా లేదు ఇక్కడ."

"లేదు."

వదిన ఆ రాయి మీద కూర్చుండిపోయింది. మాట్లాడని వదినని చూడడం నాకు అదే మొదటిసారి. చాలాసేపటికి తలెత్తి, "ఈ గింజ మన ఇంటికి రాలేదు" అంది.

"రాలేదు. వస్తే ఇక్కడెలా ఉంటుంది?" అన్నాడు అన్నయ్య.

"అదే నేననేది. మన ఇంటికి రాలేదు, అందుకే మొలిచింది."

చెట్టు మీద ఇంకా వేలాడుతున్న ఎండుకాయ ఒకటి కోసి, గింజ తీసి, రాయితో చితక్కొట్టి వాసన చూసింది. నా ముక్కు దగ్గర పెట్టింది. పచ్చిగడ్డి వాసన. ఇంటికి రాగానే నాటగా మిగిలితే అమ్మ దాచిన గింజ ఒకటి అడిగి తీసుకుని, సబ్బుతో కడిగి, అలాగే చితక్కొట్టింది. వాసన చూడగానే తుమ్మింది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. గింజలు దాచడం అమ్మ రాజ్యం. వానలు వెళ్లాక కాయలు కోస్తే, మళ్లీ వానల దాకా గింజని కాపాడాలి. అమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఒక ఏడు గింజ మొత్తానికీ పురుగు పట్టిందట. సంచీ విప్పితే పిండి, పిండిలో పురుగులు. ఆ ఏడు మా నాయనమ్మ నోట అమ్మ పడిన మాటలు అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటి నుంచీ అందరు ఆడవాళ్లలాగే తనూ గింజని గుగ్గిలం గదిలోకి చేర్చింది. ఆ గదిలోకి ఈగ రాదు, చీమ రాదు, పురుగు రాదు. సరుకు బుట్టల మధ్య పాత గుగ్గిలం సంచీలోనే గింజలు పోసి, మూతి కట్టి పెట్టేది. ఎన్నేళ్లయినా గింజకి ఒక్క బెజ్జం ఉండదు. నున్నగా, గట్టిగా, చూడముచ్చటగా ఉంటుంది. పక్కింటి వాళ్లకి చూపించి గర్వపడేది కూడా.

అలాంటి అమ్మ దగ్గరికి వదిన వెళ్లి, "అత్తయ్యా, గింజల్ని ఆ గదే చంపేస్తోంది" అంది. ముందూ లేదు, వెనకా లేదు.

అమ్మ ఒంటికాలి మీద లేచింది. "చెట్టు గుగ్గిలం చెట్టు. దాని గింజ గుగ్గిలం వాసన కొట్టక మల్లెపూల వాసన కొడుతుందా?"

"చెట్టు మీది గింజకి ఆ వాసన లేదు. చూడండి."

"నీకు అన్నీ వాసనే. నీ ముక్కు నమ్ముకుని నా చేతులారా గింజని పురుగుకి పెట్టమంటావా?"

"నా ముక్కుని నమ్మొద్దు. పెసల్ని నమ్మండి" అంది వదిన.

పెసలు మొలకెత్తవని లోకంలో ఎవరూ అనరు. తడిగుడ్డలో కడితే చాలు. వదిన ఒకే డబ్బాలోంచి పెసలు తీసి రెండు చిన్న మూటలు కట్టించింది. తను ముట్టుకోలేదు. "మీరే కట్టండి, మీరే పెట్టండి, రేపు తడిపేదీ మీరే. మళ్లీ చేతివాసి మాట రాకూడదు" అంది. అమ్మ ఒక మూట గుగ్గిలం సంచీలో గింజల మధ్య దోపింది, ఒకటి వంటింటి అలమరలో పెట్టింది. కొన్ని వారాలు ఎవరూ వాటి ఊసెత్తలేదు. తర్వాత అమ్మే తీసి, అమ్మే తడిపింది. వంటింటి మూట తెల్లటి తోకలతో గుడ్డని చీల్చుకొచ్చింది. గది మూటలో పెసలు ఉబ్బి, మెత్తబడి, జిగురు కట్టాయి. ఒకటి రెండు మొలకెత్తబోయి ఆగిపోయినట్టున్నాయి.

అమ్మ ఆ రెండు గుడ్డల్నీ వరండాలో పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. "పెసలు వేరు, గుగ్గిలం వేరు" అంది చివరికి. కానీ గొంతులో పస లేదు.

కాయల కాలం వచ్చేసరికి ఆ ఏడు చెట్లు కూడా పిసినారితనం చేశాయి. పడమటి చెట్లు అసలు కాయనే లేదు, తూర్పు వాలు మీద నాలుగు చెట్లకీ కలిపి ఒక బుట్టెడు కాయే వచ్చింది. ఇక పంచాయితీ మొదలైంది. బుట్ట మొత్తం బయట ఉంచాలని వదిన. బయట ఉంచితే పురుగు తినేస్తుంది, అప్పుడు మొలవడానికి ఏమీ మిగలదని అమ్మ. మా అన్నయ్య పరిస్థితి మరలో రెండు రాళ్ల మధ్య గోధుమగింజ. ఎటు తిరిగినా నలుగుతాడు. నీళ్లు నమిలి నమిలి, "చెరి సగం" అన్నాడు. ఇద్దరూ అన్నయ్యని ఒకేలా కొరకొరా చూశారు. అయినా అదే జరిగింది. అమ్మ వాటా గదిలోకి వెళ్లింది. వదిన తన సగాన్ని ఇంట్లో ఎక్కడా పెట్టనంది, ఇల్లంతా అదే వాసన కాబట్టి. కొత్త మట్టికుండ కొని, జల్లించిన బూడిదలో గింజ కలిపి, గుడ్డతో మూతి కట్టి నారుమడి పాకలో దాచింది.

అప్పటి నుంచీ మా అమ్మకి నారుమడిలో పనులు పుట్టుకొచ్చాయి. పార కనిపించడం లేదని వెళ్లేది. పిల్లి వచ్చిందేమోనని వెళ్లేది. వెళ్లి ఆ కుండ చుట్టూ తిరిగి, కింద నేల చూసి, ఏమీ అనకుండా వచ్చేది. వదిన సంగతి గమనించి, "మీ అమ్మ నా తప్పు పట్టుకోవడానికి కాపలా కాస్తోంది" అంది నాతో. నేనూ అలాగే అనుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక ఉదయం అమ్మ పాకలోంచి పిలిచింది. మామూలు పిలుపు కాదు. మేం పరిగెత్తాం. అమ్మ కుండ అడుగున వేలితో నేల తుడిచి చూపించింది. సన్నటి పిండి.

"పురుగు" అంది.

వదిన కుండ మూతి విప్పింది. బూడిద పైపైన బాగానే ఉంది. చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు తీస్తే, సూదిమొనంత బెజ్జాలతో గింజలు. కుండకి అడుగున సన్నటి పగులు, పురుగు అక్కడి నుంచి ఎక్కింది. మరలో పెరిగిన మనిషి, పిండిని చూసి భయపడింది. ముఖం పాలిపోయింది. "అయిపోయింది" అంది. ఆ మాట ఆవిడ నోట నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. నిజం చెప్పాలంటే నాకు తూర్పు వాలు మీద కంకర మిషను చప్పుడు అప్పుడే వినపడుతున్నట్టనిపించింది.

అమ్మ ఒక్క మాట దెప్పలేదు. "చూశావా" అననే లేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "చేట తీసుకురా" అంది.

నేను తెచ్చాను. అమ్మ వీధిలో ఎండలో చాప పరిచి, కుండ మొత్తం బోర్లించింది. బూడిద జల్లించి, గింజల్ని చేటలోకి తీసుకుని చెరగడం మొదలుపెట్టింది. అమ్మ చెరిగితే చూడాలి. మణికట్టు కదులుతుంది, మనిషి కదలదు. పురుగు తొలిచిన గింజ, లోపల పప్పు లేని తాలు గింజ తేలికై ముందుకి ఎగిరి పడ్డాయి. బరువున్న గింజ చేట వెనక్కి వచ్చి ఆగింది. ఎండ తగిలేసరికి దాక్కున్న పురుగులు బయటపడి పాకాయి. వదిన వాటిని ఒక్కొక్కటే నలిపింది, ప్రతిదానికీ ఒక తిట్టుతో.

చాప మీద తాలు కుప్ప చేటలో సరుకు కంటే ఎత్తుగా లేచింది. కానీ చేటలో మిగిలినవాటిని అమ్మ అరచేతిలో పోసుకుని ఎగరేసి పట్టుకుంది. "ఇవి గింజలు. ఇన్నాళ్లూ మనం తాలు కూడా కలిపి నాటుతున్నాం. గదిలో పురుగు లేదు కదా, చెరిగే పనేముందని నేను చెరగలేదు" అంది. తర్వాత వదిన వైపు తిరిగి, "వానల దాకా ఆగకు. పురుగు వాసన పట్టింది, మళ్లీ వస్తుంది. ఇవాళే నాటు" అంది.

"నాదీ మీదీ ఒకే రోజు నాటుదాం" అంది వదిన. అప్పటికి ముఖంలో రంగు తిరిగొచ్చింది.

అమ్మ గదిలోంచి తన సగం తెచ్చింది. ఒక్క బెజ్జం లేదు. దాన్నీ అలాగే చెరిగింది. వదిన రెండిటినీ గరుకు కాగితం మీద రుద్దింది, గోరువెచ్చని నీళ్లలో విడివిడిగా నానబెట్టింది, తెల్లారి విడివిడి వరసల్లో నాటింది. మట్టి ఒకటే, నీళ్లు ఒకటే, వల ఒకటే. నాటిన చెయ్యీ ఒకటే. ఇక చూడడమే.

ఎదురుచూడడంలో మా వదినంత అసమర్థురాలు ఇంకొకరు ఉండరు. కాలుగాలిన పిల్లిలా ఇంటికీ నారుమడికీ తిరిగింది. ఒక పొద్దున అన్నయ్య కొండకి వెళుతూ వల కింద వంగి చూసి, కత్తి అక్కడే పడేసి, "రండి, రండి" అని అరిచాడు. వదిన వరసలో మట్టి నెత్తిన పెట్టుకుని గింజలు లేస్తున్నాయి. ఆ రోజు కొన్ని, మర్నాడు ఇంకొన్ని, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. మొలవని సంచీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. వదిన ఎవరినీ ఖాతరు చేయకుండా వీధిలో గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ఆనందం మా ఇంట్లో నాన్న పోయాక మళ్లీ అప్పుడే చూశాను.

పక్క వరస అమ్మది. అక్కడ అక్కడక్కడా ఒకటి వచ్చింది. పాలిపోయి, పక్కకి ఒరిగిపోయింది. మిగిలిన సంచులన్నీ నల్లగా, చదునుగా ఉన్నాయి.

అమ్మ ఆ వరస ముందు నిలబడింది. వదిన నవ్వు ఆపేసింది. అన్నయ్య కత్తి తీసుకుని జారుకోబోతే నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"అమ్మాయ్" అంది అమ్మ, వదిన వైపు చూడకుండా. "అయితే ఇన్నేళ్లూ నేనేనా?"

ఇలాంటప్పుడు ఎవరైనా ఒక చల్లటి మాట చెబుతారు. అదేం లేదు, మీకేం తెలుసు, అందరూ చేసిందేగా అంటారు. నేను అదే చెప్పబోయాను కూడా. మా వదిన ముక్కుసూటి మనిషి.

"అవునత్తయ్యా" అంది. "ఈ ఏడు చేటతో బతికించిందీ మీరే."

అమ్మ పక్క వరసలో వంగిపోయిన మొక్కలకి పుల్లలు గుచ్చి ఆసరా కట్టింది. అవి బతకవని తనకీ తెలుసు. ఆ పూట అన్నం తినలేదు. నేను వదిన మీద కోపం తెచ్చుకుని, "అంత మొహం మీద చెప్పాలా?" అన్నాను. "ఆవిడ నన్ను అడిగింది, నిన్ను కాదు. ఇప్పుడు అబద్ధం చెబితే నా మెచ్చుకోలూ నమ్మదు, రేపు చేట ఎత్తదు" అంది వదిన. ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు.

తొలకరి పడగానే తూర్పు వాలు మీద గుంటలు తవ్వాం. మొక్కలు జానెడు దాటాయి. మేకలు రాకుండా ముళ్లకంప చుట్టాం. వానలు ఆగి ఆగి కురిశాయి, మొక్కలు ఒక్కొక్కటే కొత్త ఆకు వేశాయి. గొడుగాయన సంఘాన్ని వెంటేసుకుని వచ్చాడు. మిగతా గుగ్గిలం ఇళ్ల ఆడవాళ్లు కూడా వచ్చారు, చూడకుండా ఉండలేక. ఆయన వాలు కింది నుంచి పై దాకా నడిచాడు. ఒక మొక్కని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూశాడు. వేరు పట్టుకుని ఉంది. గొడుగు నేలకి గుచ్చి, "ఇది గుగ్గిలం వాలే. కాంట్రాక్టరుకి కబురు పంపండి, వేరే కొండ చూసుకోమని" అన్నాడు. అన్నయ్య అక్కడే కూలబడిపోయాడు, సంతోషంతోనే.

ఆడవాళ్లు వదిన చుట్టూ మూగారు. ముక్కున వేలేసుకున్నవాళ్లు కొందరు, చెయ్యి పట్టుకుని తిప్పి చూసినవాళ్లు కొందరు. "ఏం చేతివాసమ్మా నీది! మా నారుమడికి ఒకసారి వచ్చి నీ చేత్తో నాటి పెట్టు" అంది ఎగువింటి పెద్దావిడ. తలా ఒక మాటగా అందరూ అదే అన్నారు. వదిన నోరు తెరిచింది. ఇప్పుడు ఈవిడ నిజం చెప్పేస్తుంది, ఇంతమందిలో అమ్మ తల ఎక్కడ పెట్టుకోవాలి?

వదిన అమ్మ వైపు చూసి, నోరు మూసుకుంది. మా వదిన చెప్పదలుచుకున్న మాట మింగడం నేను చూసింది అప్పుడే.

"చేతివాసి కాదు" అంది అమ్మ.

అందరూ తిరిగి చూశారు.

"చేతివాసి అనే మాటే లేదు. గింజల్ని గుగ్గిలం గదిలో పెట్టి నేను చంపాను. కోడలు బయట పెట్టింది, మొలిచాయి. అంతే జరిగింది."

ఎగువింటి పెద్దావిడ తెల్లబోయింది. "అదేంటమ్మా, మేమందరం అక్కడే పెడతాం కదా. మా అత్తగారు కూడా అక్కడే పెట్టేది."

"మా అత్తగారూ అక్కడే పెట్టమంది. పురుగు పట్టకుండా కాపాడుకున్నాం, మొలవకుండా కూడా కాపాడుకున్నాం. నాటిన మగవాళ్లని పట్టుకుని చెయ్యి మంచిది కాదన్నాం. మా ఆయన్ని నేనే అన్నాను. ఆయన చివరికి కుండీలో పూలమొక్క కూడా ముట్టుకోవడం మానేశాడు." అమ్మ ఆడవాళ్ల వైపు పూర్తిగా తిరిగింది. "ఇక ఆయనకి చెప్పడానికి లేదు. మీకు చెప్పడానికి ఉంది."

చుట్టూ సన్నగా వాన తుంపర మొదలైంది. గొడుగాయన గొడుగు విప్పడం కూడా మరిచిపోయాడు.

"ఈ ఏడు నాటగా మిగిలిన గింజలు మీ గదుల్లో ఇంకా ఉన్నాయి కదా?" అంది అమ్మ. "కొన్నయినా బతికుంటాయి. నా మొహం చూస్తూ నిలబడతారేంటి? వెళ్లండి, తలుపులు తీసి గింజలు బయటికి తెండి. చేటలు కూడా తీసి పెట్టండి, మేమిద్దరం వస్తున్నాం."

ముందు ఎగువింటి పెద్దావిడ కదిలింది. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు, చీరలు ఎత్తిపట్టుకుని, మొక్కలు తొక్కకుండా గబగబా వాలు దిగారు. వదిన ఏడుస్తోంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వాళ్ల వెనకే దిగడం మొదలుపెట్టింది.